డీజిల్ లెక్క కిలోల్లో ఉంటే లీటర్లలోకి ఎట్లా మార్చాలి? పత్తి కట్టె ష్రెడర్ దగ్గర నేను చేసిన తప్పు

పత్తి కట్టెను కాలబెట్టకుండా చేనులోనే ముక్కలు చేసి ఆచ్ఛాదనగా వాడుకునే వీడియో పెట్టినప్పటి నుంచి ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "అన్నా, ష్రెడర్ పెడితే ట్రాక్టర్ గంటకు ఎంత డీజిల్ తాగుతది?" ఆ వీడియోలో నేను "ఆరు లీటర్ల లోపే" అని చెప్పిన. అది తప్పు. ఎట్లా తప్పిందో, దానివల్ల మా ఇంట్లో ఏమైందో ముందు చెప్తా. తర్వాత లెక్క సరిగ్గా ఎట్లా చేయాలో చూద్దాం. పైన ఉన్న కొత్త వీడియోలో క్యాన్, కాటా పెట్టి కొలిచి చూపించిన. ఇది చదివి అది చూస్తే సులువుగా అర్థమైతది.

మాది భువనగిరి దగ్గర ఊరు. మూసీ నీళ్లు వచ్చే దిక్కు వరి, మా దిక్కు చెల్కల్లో పత్తి, కంది. పత్తి ఏరుడు అయిపోయినంక కట్టె పీకి కుప్పలేసి అగ్గిపెట్టుడు అలవాటు. దాన్ని ముక్కలు చేసి నేలమీద పరిస్తే తేమ ఆగుతది, మట్టికి తిండి దొరుకుతది, గులాబీ పురుగు కట్టెలో దాక్కోకుండా పోతది. అందుకే నేనూ ఇద్దరు దోస్తులూ కలిసి ష్రెడర్ కొన్నం. మా చేన్లు అయినంక బయట కిరాయికి కూడా తిప్పినం. ట్రాక్టర్ మాదే. నడిపేది పక్క ఊరి అన్న. మా నాయిన కాలం నుంచి మా ఇంట్లో మనిషి.

కిరాయి రేటు పెట్టే ముందు నేను కాయితాలు ముందరేసుకొని కూచున్న. మన దేశంలో ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ పరీక్షిస్తది. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కూడా అట్లాంటి సంస్థ ఉంది, అక్కడ వ్యవసాయ యంత్రాలకు పరీక్షలు చేస్తరు. ఇట్లాంటి రిపోర్టుల్లో ఇంజిన్ డీజిల్ వాడకం ఒక్కో లోడ్ దగ్గర ఎంతో పట్టిక వేసి ఉంటది. మా ట్రాక్టర్‌కు మేం నడిపే లోడ్ పీటీఓ దగ్గర సుమారు 20 కిలోవాట్లు అనుకున్న. ఆ లోడ్ దగ్గర కిలోవాట్-గంటకు 290 గ్రాములు. 20 × 290 = 5,800. అంటే గంటకు 5.8. నోటుబుక్కులో "గంటకు 5.8" అని రాసుకున్న, కిందనే లీటర్లని రాసుకున్న. ఆ 5.8 కిలోలు. లీటర్లు కావు. వ్యవసాయ డిప్లొమాలో యంత్రాల పేపర్‌లో ఇదే లెక్క రాసి మార్కులు తెచ్చుకున్నోణ్ని నేను!

నాలుగు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, మొత్తం 32 గంటలు కిరాయి నడిచింది. నా లెక్క ప్రకారం 5.8 × 32 = 185.6, అంటే 186 లీటర్లు పట్టాలె. బంక్ చీటీలు కూడితే 229 లీటర్లు వచ్చింది. 43 లీటర్లు ఎక్కువ. లీటరు 95 చొప్పున నాలుగు వేల రూపాయల పైన. ఆ రాత్రి అన్నను పిలిచి "ఇన్ని లీటర్లు ఎటు పోయినయ్ అన్నా?" అని అడిగిన. గొంతు పెంచలేదు కానీ అడిగిన తీరు నాకు తెలుసు. ఆయన ఒక నిమిషం నోటుబుక్కు దిక్కు చూసి, జేబులోంచి తాళం తీసి అరుగు మీద పెట్టిండు. "లెక్కలు నాకు రావు తమ్మీ. డీజిల్ మాత్రం బండిలోనే పోసిన" అని వెళ్లిపోయిండు. మా నాయిన ఏమనలేదు. అన్నం ముందు నుంచి లేచిపోయిండు.

తెల్లారి మళ్లీ రిపోర్టు తీసి చూస్తే పట్టిక పైన "గ్రాములు" అని స్పష్టంగ కనపడింది.

కిలో వేరు, లీటరు వేరు

మన పాత కొలతలు గుర్తు చేసుకుంటే ఇది కష్టమేమీ కాదు. మానెడు వడ్లు, మానెడు తవుడు కాటా మీద పెట్టి చూడండి. మానిక ఒకటే, బరువు ఒకటి కాదు. మానిక చెప్పేది ఎంత జాగ పట్టిందని, కాటా చెప్పేది ఎంత సరుకుందని. లీటరు మానిక లాంటిది, కిలో కాటా లాంటిది. ఈ రెండింటినీ కలిపేదే సాంద్రత: ఒక లీటరు ఎన్ని కిలోలు తూగుతదనే అంకె.

నీళ్లకు ఇది దాదాపు 1. అందుకే నీళ్ల విషయంలో కిలో, లీటరు అని కలగాపులగంగా మాట్లాడినా ఏం కాదు. జీవామృతం 200 లీటర్ల డ్రమ్ము సుమారు 200 కిలోలే అనుకోవచ్చు. ఆ అలవాటే డీజిల్ దగ్గర కొంప ముంచుతది. డీజిల్ నీళ్ల మీద తేలుతది, అంటే నీళ్లకన్నా తేలిక. మన బంకుల్లో దొరికే డీజిల్ 15 డిగ్రీల దగ్గర లీటరు సుమారు 0.82 నుంచి 0.845 కిలోల మధ్య ఉంటది. పెట్రోల్ ఇంకా తేలిక, సుమారు 0.72 నుంచి 0.775.

మరి ఇంజినీర్లు లీటర్లలోనే ఎందుకు రాయరు? ఇంజిన్‌కు బలం వచ్చేది డీజిల్‌లోని వేడి నుంచి. ఆ వేడి బరువుతో నడుస్తది. కిలో డీజిల్‌కు వచ్చే వేడి చలికాలమైనా ఎండకాలమైనా ఒకటే. లీటరు మాత్రం ఎండకు ఉబ్బుతది, చలికి కుదించుకుంటది. రెండు ఇంజిన్లను న్యాయంగా పోల్చాలంటే కాటా లెక్కనే నయం. వాళ్లు రాసింది తప్పు కాదు. మనం బంకులో లీటర్లు కొంటం కాబట్టి మార్చుకునే పని మనది.

లెక్క ఇది

లీటర్లు = కిలోలు ÷ సాంద్రత. అంతే. ఎక్కువమంది తడబడేది గుణించాలా, భాగించాలా అన్న దగ్గర. దానికి ఒక గుర్తు పెట్టుకోండి: డీజిల్ తేలిక కాబట్టి అదే సరుకు లీటర్లలో రాస్తే అంకె కిలోల కన్నా పెద్దగానే రావాలె. చిన్నగా వచ్చిందంటే గుణించేసినట్టు.

మా లెక్కకు వద్దాం. 5.8 ÷ 0.83 = 6.99. గంటకు ఏడు లీటర్లు. 32 గంటలకు 223.6 లీటర్లు. నేను అడిగిన 43 లీటర్లలో 38 ఇక్కడే దొరికినయ్.

ఇంకా ఐదున్నర మిగిలింది. దానికి వేడి లెక్క చూడాలె. డీజిల్ వేడి ఒక డిగ్రీ పెరిగితే సాంద్రత సుమారు 0.0007 తగ్గుతది. బంకులో పోసేటప్పుడు డీజిల్ 35 డిగ్రీలు అనుకుంటే, 15 డిగ్రీల కన్నా 20 ఎక్కువ. 20 × 0.0007 = 0.014. సాంద్రత 0.83 నుంచి 0.816కు వస్తది. 5.8 ÷ 0.816 = 7.11. 32 గంటలకు 227.5 లీటర్లు. ఇక మిగిలింది ఒకటిన్నర లీటరు. ఊరి నుంచి చేనుకు, ఒక చేను నుంచి ఇంకో చేనుకు పోవడానికే అంతకన్నా ఎక్కువ పట్టాలె. అంటే అన్న పొదుపుగా నడిపిండన్నట్టు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలె. ఇంత దగ్గరగా కలవడంలో కొంత అదృష్టం కూడా ఉంది. 20 కిలోవాట్లు అన్నది నా అంచనా. కట్టె లావుగా ఉంటే, పచ్చిగా ఉంటే లోడ్ పెరుగుతది. ఇట్లాంటి లెక్కల్లో ఐదు శాతం అటూ ఇటూ మామూలే. కానీ కిలోను లీటరు అనుకుంటే వచ్చే తప్పు 20 శాతం. అది మామూలు కాదు.

ట్రాక్టర్ బానెట్ మీద రాసిన హెచ్‌పీని పట్టుకొని ఈ లెక్క చేయకండి. అది ఇంజిన్ హెచ్‌పీ. ష్రెడర్, రోటావేటర్ తిప్పేది పీటీఓ, అక్కడికి వచ్చేసరికి బలం తగ్గుతది. రిపోర్టులో పీటీఓ పట్టిక వేరే ఉంటది, అది చూడాలె. కొన్ని కంపెనీ కాయితాల్లో కిలోవాట్-గంటకు బదులు హెచ్‌పీ-గంటకు ఇన్ని గ్రాములని ఉంటది. ఒక కిలోవాట్ సుమారు 1.34 హెచ్‌పీ. కాబట్టి హెచ్‌పీ-గంటకు 200 గ్రాములంటే కిలోవాట్-గంటకు 268 గ్రాములు. సగం లోడ్ అంటే సగం డీజిల్ అని కూడా అనుకోవద్దు. లోడ్ తగ్గిన కొద్దీ ఒక్కో కిలోవాట్‌కు పట్టే గ్రాములు పెరుగుతయ్. ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికి కూడా తాగుతది కదా.

కాలిక్యులేటర్ లేకుంటే నోటి లెక్క: డీజిల్ కిలోలను 1.2తో, పెట్రోల్ కిలోలను 1.35తో గుణిస్తే లీటర్లు వస్తయ్. భాగించాలని చెప్పి ఇప్పుడు గుణించమంటున్నడేంది అనుకోకండి. 1 ÷ 0.83 చేస్తే 1.2, 1 ÷ 0.74 చేస్తే 1.35. అదే లెక్క తిప్పి రాసిన.

సాంద్రత ఎక్కడ తెలుస్తది?

బంకులోనే. ప్రతి బంకులో రోజూ పొద్దున డెన్సిటీ చూసి రాస్తరు. మిషిన్ దగ్గరో, బోర్డు మీదో, కొన్నిచోట్ల బిల్లు మీదో ఉంటది. 830.5 లాగా ఉంటే అది వెయ్యి లీటర్లకు ఇన్ని కిలోలని అర్థం. వెయ్యితో భాగిస్తే లీటరుకు 0.8305. ఆ అంకె 15 డిగ్రీలకు సరిచేసినది, అందుకే ఎండకాలం పైన చెప్పిన తగ్గింపు మనమే చేసుకోవాలె. అనుమానముంటే బంకు వాళ్లను అడిగి మన ముందర చూపించమనొచ్చు. అర లీటరు జార్‌లో డీజిల్ పోసి హైడ్రోమీటర్, థర్మామీటర్ పెట్టి, పట్టిక చూసి చెప్తరు. కొలత మీద అనుమానముంటే ఐదు లీటర్ల ముద్ర వేసిన కొలపాత్రతో చూపించమనే హక్కు కూడా ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు.

"పొద్దున్నే చల్లగున్నప్పుడు పోయించుకుంటే ఎక్కువ వస్తది" అని మన దగ్గర ఒక మాట ఉంది. మాట పూర్తిగా అబద్ధం కాదు కానీ లాభం చాలా తక్కువ. బంకు ట్యాంకు భూమి లోపల ఉంటది, పొద్దున మధ్యాహ్నం తేడా అంతగా పడదు. ఐదు డిగ్రీల తేడా ఉన్నా 50 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. దానికోసం పొద్దున ఆవుల పని వదిలి బంకుకు ఉరకాల్సిన అవసరం లేదు.

విమానానికి కూడా ఇదే జరిగింది

నా తప్పు చిన్నది. ఇదే తప్పు 1983 జులై 23న కెనడాలో ఒక విమానానికి జరిగింది. ఎయిర్ కెనడా బోయింగ్ 767, ఫ్లైట్ 143. ట్యాంకు మీటర్ పని చేయట్లేదు, కాబట్టి పుల్ల పెట్టి కొలిచినట్టు కొలిచి లెక్క వేసుకున్నరు. ట్యాంకులో 7,682 లీటర్లుంది. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలె. లీటర్లను కిలోల్లోకి మార్చడానికి సుమారు 0.80తో గుణించాలె. వాళ్లు వాడింది 1.77. అది లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె, పాత విమానాల అలవాటు. ఆ విమానమేమో కొత్తది, కిలోల లెక్కది. దాంతో ట్యాంకులో 13,597 "కిలోలు" ఉందనుకొని ఇంకా 4,917 లీటర్లు పోస్తే చాలనుకున్నరు. నిజంగా పోయాల్సింది 20,000 లీటర్ల పైన.

41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయి రెండు ఇంజిన్లూ ఆగినయ్. పైలట్లు దాన్ని గాలిపటంలాగ జార్చుకుంటూ గిమ్లీ అనే ఊరి దగ్గర పాత వైమానిక స్థావరంలో దించిండ్రు. అందరూ బతికిండ్రు. నేను పైన చెప్పిన తేలే గుర్తు ఒక్కటి వాళ్లకు ఆ రోజు తట్టి ఉంటే సరిపోయేది. 7,682 లీటర్ల తేలిక ఇంధనం 13,597 కిలోలు ఎట్లా తూగుతది?

చేనులో మీరే కొలుచుకోండి

రిపోర్టు దొరకకున్నా, దొరికినా, మీ బండికి మీ చేనులో కొలిచిందే అసలు లెక్క. రెండు పద్ధతులు వీడియోలో చూపించిన.

మొదటిది అందరికీ తెలిసిందే. సమానంగా ఉన్న నేలమీద బండి పెట్టి ట్యాంకు అంచు దాకా నింపండి. నురుగు తగ్గేదాకా ఆగి మళ్లీ నింపండి, ఇది చాలామంది చేయరు. పని అయినంక అదే చోట, అదే దిక్కు ముఖం పెట్టి బండి నిలిపి, కొలపాత్రతో అంచు దాకా పోసి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. కనీసం నాలుగు గంటలు నడిపితేనే లెక్క నమ్మొచ్చు. గంట నడిపి కొలిస్తే అంచు దగ్గర అర లీటరు తేడా మొత్తం లెక్కను తప్పుదారి పట్టిస్తది.

రెండోది కాటా పద్ధతి, డీజిల్ మోటరు ఇంజిన్లకు బాగుంటది. ఐదు లీటర్ల క్యాన్‌ను వేలాడే డిజిటల్ కాటాకు కట్టి, ఇంజిన్‌కు డీజిల్ పోయే పైపు అందులో పెట్టాలె. ఇక్కడ నేను మొదటిసారి బోల్తా పడ్డ. డీజిల్ ఇంజిన్‌లో నాజిల్ దగ్గర మిగిలిన డీజిల్ ఒక సన్న పైపులో వెనక్కి వస్తది. ఆ రిటర్న్ పైపు ట్యాంకులోనే వదిలేస్తే క్యాన్ నుంచి పోయిందంతా ఇంజిన్ తాగినట్టు కనపడుతది. ఆ పైపు కూడా తీసి క్యాన్‌లోనే పెట్టండి. క్యాన్ అడుగుదాకా ఖాళీ కానీయొద్దు, ఎయిర్ పట్టుకుంటే మళ్లీ ఎయిర్ తీసే పని పడుతది. ఇంజిన్ వేడెక్కినంక కాటా చూసి రాసుకొని, అరగంట నడిపి మళ్లీ చూడండి. 0.6 కిలోలు తగ్గిందంటే గంటకు 1.2 కిలోలు, అంటే 1.45 లీటర్లు. వేలాడే క్యాన్ కింద, సైలెన్సర్ దిక్కు డీజిల్ కారకుండా చూసుకోవాలె. బీడీ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

పవర్ వీడర్ ఉన్నోళ్లకు: పెట్రోల్ ఇంజిన్లకు గ్రాములు ఎక్కువ పడతయ్. సగటున 3 కిలోవాట్ల లోడ్, 340 గ్రాములు అనుకుంటే గంటకు 1.02 కిలోలు. కిలోనే కదా, లీటరు అనుకుంటే తప్పు. 1.02 ÷ 0.74 చేస్తే దాదాపు 1.4 లీటర్లు. పెట్రోల్ తేలిక కాబట్టి తేడా డీజిల్ కన్నా పెద్దది.

వేప నూనె కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. ఒకరు కిలోల్లో చెప్తరు, ఒకరు లీటర్లలో చెప్తరు. లీటరు సుమారు 0.92 కిలోలు. 15 కిలోల డబ్బాలో 16.3 లీటర్లు వస్తది. ఇద్దరూ ఒకే అంకె చెప్తే కిలోల్లో అమ్మేటోడే మనకు చవక. గోబర్ గ్యాస్ విషయం కొంచెం వేరు, అది ఘనపు మీటర్ల లెక్క. మామూలు గోబర్ గ్యాస్ ఘనపు మీటరు సుమారు 1.15 కిలోలు తూగుతది, అందులో ఎంత మీథేన్ ఉందన్న దాన్నిబట్టి మారుతది. దానికి డీజిల్ అంకెలు పెట్టొద్దు. వేరే పోస్టు రాస్తా.

ఇప్పుడు కిరాయి సంగతి. మేం గంటకు 1,100 పెట్టినం. నేను డీజిల్‌కు 551 పోతదనుకున్న, నిజంగా పోయేది 675. గంటకు 124 రూపాయలు నా లెక్కలోనే మాయం. ఆ సీజన్‌లో 200 గంటలు నడుస్తదని అనుకున్నం కాబట్టి దాదాపు 25 వేలు. బ్లేడ్ల ఖర్చు, ష్రెడర్ వాయిదా తీసేస్తే మాకు మిగిలేదే అంత. ఒప్పుకున్న చేన్లకు పాత రేటుకే చేసినం, కొత్తవాళ్లకు 1,250 చెప్పినం. ఇద్దరు రైతులు వద్దన్నరు, మిగతావాళ్లు లెక్క చూపిస్తే ఒప్పుకున్నరు. ఇది చదివి నా "ఆరు లీటర్ల" మాట నమ్మి రేటు పెట్టుకున్నవాళ్లు ఎవరన్నా ఉంటే, దయచేసి ఏడు పైన వేసుకొని మళ్లీ లెక్క చూసుకోండి. తప్పు నాదే.

అన్న దగ్గరికి నాయినను తీసుకొని పోయిన. నోటుబుక్కు కూడా పట్టుకపోయిన, విప్పనీయలేదు. "చాయ్ తాగు తమ్మీ" అన్నడు. నాలుగో రోజు పనికి వచ్చిండు. ఇప్పుడు డీజిల్ పోసే ప్రతిసారి నన్ను పిలిచి, మీటర్ చూపించి, చీటీ నా చేతిలో పెట్టి పోతడు. వద్దన్నా అన్న వినడు.